సెట్టు చచ్చిందా, కరెంటు చేరలేదా?

‘‘స్విచ్చి నొక్కితే ముందు అద్దం వెనకాల పచ్చలైటు వెలిగేది. ఇప్పుడు అదీ లేదు. ఉలుకూ పలుకూ లేదు. మెకానిక్‌ను పిలిస్తే మూత కూడా తీయలేదు. ‘ఇంత పాతది ఇంక యాడ బాగవుతాదక్కా, గుజిరీకి ఏసేయ్‌’ అనేసి పోయినాడు. ఏం చేయమంటారు?’’

కదిరి దగ్గర ఒక పల్లె నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. ఆ సెట్టు వాళ్ల నాన్న 1986లో కువైట్‌ నుంచి తెచ్చిన జపాన్‌ స్టీరియో రిసీవర్‌. అంటే రేడియో, ఆంప్లిఫయర్‌ రెండూ ఒకే పెట్టెలో ఉండేది. పక్కన క్యాసెట్‌ డెక్‌, రెండు పెద్ద స్పీకర్లు. నాన్న నాలుగేళ్ల కింద పోయారు. ఆయన కువైట్‌లో ఉన్నన్నాళ్లూ ఉత్తరాలకు బదులు క్యాసెట్లలో మాట్లాడి పంపేవారట. అవి ఇరవై దాకా ఒక చెప్పుల డబ్బాలో ఉన్నాయి. మనవళ్లకు తాత గొంతు వినిపించాలని ఆమె కోరిక.

కడప, రాయచోటి, కదిరి వైపు ఈ మాట క్యాసెట్లు తెలియని ఇల్లు తక్కువ. ఫోను చేయాలంటే నెల జీతంలో ముక్క పోయే రోజులు. చదువు రాని అమ్మకు ఉత్తరం రాస్తే చదివిపెట్టేవాణ్ని వెతకాలి. క్యాసెట్‌ అయితే ఆ గొడవ లేదు. సెలవుకు వచ్చేవాళ్ల చేతికిస్తే ఇంటికి చేరేది. 1990 ఆగస్టులో ఇరాక్‌ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు కట్టుబట్టలతో వచ్చేసినవాళ్లు బోలెడుమంది. వాళ్ల సెట్లు అక్కడే పోయాయి. అంతకు ముందే తెచ్చుకున్నవాళ్ల ఇళ్లలో మాత్రం ఇప్పటికీ టీవీ స్టాండు కింది అరలోనో, అటక మీదనో ఒకటి కనిపిస్తుంది.

అమ్మా, ఆ సెట్టును గుజిరీకి వేయకండి. మెకానిక్‌ మాటకు జవాబుగా ఒక్క సంగతి చెబుతాను. అసలు ఆన్‌ కాని సెట్టు, ఆన్‌ అయి గరగరమనే సెట్టు కంటే చాలాసార్లు మేలు. గరగరమనే సెట్టులో తప్పు ఏ మూలైనా ఉండొచ్చు, వెతకడానికి వారం పట్టొచ్చు. ఉలుకూ పలుకూ లేని సెట్టులో వెతకాల్సిన దారి చాలా చిన్నది. గోడ దగ్గర మొదలై పెట్టె లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌ దాటిన కాస్త దూరంలోనే అయిపోతుంది. రేడియో, ఆంప్లిఫయర్‌ భాగాలకు కరెంటే చేరలేదు కాబట్టి, అవి చెడిపోయాయని చెప్పడానికి ఆధారం లేదు.

మన జిల్లావాళ్లకు ఇది అర్థం కావడం కష్టం కాదు. తుంగభద్ర ఎగువ కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు రాకపోతే రైతు పొలం తవ్వుకుంటూ కూర్చోడు కదా. కాలువ గట్టు పట్టుకుని పైకి నడుస్తాడు. ఎక్కడి దాకా నీళ్లున్నాయి, ఏ తూము దగ్గర ఆగిపోయాయి అని చూస్తాడు. సెట్టుకూ అంతే. మన నడక మాత్రం గోడ నుంచి మొదలు.

ముందు సాకెట్‌. ‘టెస్టర్‌ పెట్టి చూశాను, లైటు వెలిగింది, కరెంటు ఉంది’ అంటారు చాలామంది. టెస్టర్‌ వెలిగితే ఫేజు ఉందని మాత్రమే అర్థం. న్యూట్రల్‌ తెగిపోయినా అది వెలుగుతుంది. సెట్టు మాత్రం వెలగదు. పోనీ సెల్‌ఫోను చార్జర్‌ పెట్టి చూద్దామా? ఇప్పటి చార్జర్లు 100 ఓల్టుల నుంచి 240 దాకా దేని మీదైనా పనిచేసేస్తాయి. ఇంట్లో 130 ఓల్టులే వస్తున్నా ఫోను మాత్రం నిక్షేపంగా చార్జ్‌ అవుతుంటుంది. ఎల్‌ఈడీ బల్బులూ చాలావరకు అలాంటివే. నిజం చెప్పేది పాత ఫిలమెంటు బల్బు. హోల్డరుకు రెండు వైర్లు, ప్లగ్గు బిగించి ఆ సాకెట్లోనే పెట్టండి. తెల్లగా వెలిగితే సరే. గుడ్డిగా ఎర్రగా వెలిగితే దోషం సెట్టుది కాదు.

మెట్ట ప్రాంతపు పల్లెల్లో ఈ పరీక్ష తప్పదు. ఇక్కడ ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. సేద్యం బోర్ల మీద నడుస్తుంది. బోర్లకు త్రీఫేజు రోజుకు కొన్ని గంటలే. అది వచ్చిన నిమిషంలో ఆటో స్టార్టర్లు పెట్టుకున్న మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి, ఓల్టేజీ కూలబడుతుంది. త్రీఫేజు పోయిన క్షణంలో అన్నీ ఒక్కసారి ఆగుతాయి, ఓల్టేజీ ఎగదన్నుతుంది. రాత్రిళ్లు కండెన్సర్లు కట్టి సింగిల్‌ ఫేజు మీదే మోటారు తిప్పుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఎండిన చెట్టును చూస్తూ ఊరుకోలేని రైతును నేను తప్పుపట్టను గానీ, ఆ పూట ఇళ్లలో సెట్లు మూలుగుతాయి.

వీటన్నిటికంటే ప్రమాదం న్యూట్రల్‌ తెగడం. ఆషాఢం గాలికి పల్లెల్లో ఇది జరుగుతూనే ఉంటుంది. ఒక ఇల్లు ఒక ఫేజు మీద, పక్కిల్లు ఇంకో ఫేజు మీద ఉంటాయి. రెండు ఫేజుల మధ్య 400 ఓల్టులు. న్యూట్రల్‌ ఉన్నంతసేపు ఎవరి 230 వాళ్లకు వస్తుంది. అది తెగితే రెండిళ్లూ ఆ 400ను పంచుకోవాలి. ఈ పంపకం న్యాయంగా జరగదు. గ్రైండరు తిప్పుతున్న ఇంటికి తక్కువ, ఒక్క బల్బూ ఒక స్టీరియో ఉన్న ఇంటికి ఎక్కువ. ఏ తప్పూ చేయని చిన్న ఇంటికే 300 దాటిన ఓల్టులు వచ్చిపడతాయి. ‘ఊళ్లో ఒకే రాత్రి నాలుగు టీవీలు పోయినాయి’ అని వింటుంటామే, అదే ఇది. ఉత్తరం రాసిన సోదరి సెట్టు ఏ రోజు నుంచి ఆగిందో, ఆ రోజు పక్కిళ్లలో ఏమైనా పోయాయో గుర్తుచేసుకుంటే సగం రోగం తేలుతుంది.

సాకెట్‌ బాగుందనుకుందాం. ఇప్పుడు సెట్టు నిజంగానే చచ్చిందా అని చూడాలి. అద్దం వెనక వెలిగేవి చిన్న చిన్న బల్బులు. వాటికీ ఆయువు ఉంటుంది. అవి మాడిపోతే సెట్టు బతికి ఉన్నా చచ్చినట్టే కనిపిస్తుంది. స్విచ్చి వేసి చెవి దగ్గర పెట్టండి. రెండు మూడు సెకన్లకు లోపల ‘టిక్‌’మని రిలే చప్పుడు వచ్చిందంటే సెట్టు బతికే ఉంది. లైట్లు వెలిగి టిక్‌ మాత్రం రాకపోతే అది వేరే కథ. సెట్టు తనను తాను కాపాడుకుంటూ స్పీకర్లను దూరం పెట్టిందన్నమాట. వెనకాల స్పీకర్‌ వైర్ల పోగులు ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూసి, ప్లగ్గు పీకేశాక స్పీకర్లు విప్పి, మళ్లీ ఆన్‌ చేయండి. అప్పుడు టిక్‌మంటే వైర్లను సరిచేసుకుంటే చాలు.

ఇంకొకటి. సెట్టు వెనక భాగంలో చిన్న గుండ్రటి బిళ్ల, దాని చుట్టూ 110, 120, 220, 240 అంకెలు ఉంటాయి. అది ఓల్టేజీ ఎంచుకునే మీట. కువైట్‌లో 240 ఓల్టులు, మనకు సరిపోతుంది. సౌదీలో అప్పట్లో చాలా ఇళ్లకు 127 ఓల్టులే. అమెరికా సెట్టుకు 120, జపాన్‌లో అమ్మే సెట్టుకు 100. ఆ అంకెల మీద ఉన్న సెట్టును మన గోడకు తగిలిస్తే ఫ్యూజు పోవడం దాని అదృష్టం, ట్రాన్స్‌ఫార్మర్‌ పోవడం మన దురదృష్టం. ఇల్లు ఊడ్చేటప్పుడో, పిల్లలు స్క్రూడ్రైవరుతో ఆడేటప్పుడో ఆ మీట తిరిగిపోయిందేమో చూసుకోండి. 220, 240 రెండూ ఉంటే 240 మీదే పెట్టండి. అర్ధరాత్రి దాటాక మన లైన్లలో 250 కనిపించడం వింత కాదు.

ఇక మల్టీమీటర్‌. రెండు మూడు వందల రూపాయలది చాలు. సెట్టు మూత తీయకుండానే అసలు గుట్టు చెప్పే పరీక్ష ఒకటుంది. ప్లగ్గు సాకెట్‌ నుంచి పీకేయండి. సెట్టు స్విచ్చి మాత్రం ‘ఆన్‌’లో ఉంచండి. మీటరును ఓంల మీద పెట్టి, దాని రెండు కడ్డీలను ప్లగ్గు రెండు పిన్నులకూ తాకించండి. పాత రకం సెట్టుకు సుమారు అయిదు నుంచి యాభై ఓంల మధ్య ఏదో ఒకటి చూపించాలి. అది ట్రాన్స్‌ఫార్మర్‌ మొదటి చుట్ట నిరోధం. అలా చూపిస్తే గోడ నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌ దాకా కాలువ తెగలేదని లెక్క. మీటరు ఏమీ చూపించకపోతే దారి ఎక్కడో తెగింది. సున్నా చూపిస్తే ఎక్కడో అతుక్కుంది, ఆ సెట్టును పొరపాటున కూడా గోడకు పెట్టకండి. రిమోట్‌తో ఆన్‌ అయ్యే తర్వాతి కాలపు సెట్లకు ఈ లెక్క నేరుగా పనికిరాదు. 1986 నాటి సెట్టుకు చాలావరకు పనికొస్తుంది.

దారి తెగిందంటే మొదటి అనుమానం వైరు మీద. ప్లగ్గులోకి దూరే చోటా, సెట్టులోంచి బయటికొచ్చే చోటా అది వందలసార్లు వంగి ఉంటుంది. పైన రబ్బరు బాగానే ఉండి లోపల రాగి తెగి ఉంటుంది. మీటరు పెట్టి ఉంచి వైరును అటూ ఇటూ వంచి చూస్తే అంకె వస్తూ పోతూ ఉంటుంది. ఎలుకలూ వైరును వదలవు. వేరుశనగ బస్తాలు దాచే గదిలోనే సెట్టూ ఉన్న ఇళ్లయితే మరీను.

రెండో అనుమానం ఫ్యూజు. వెనకాల మరతో తిప్పే మూత ఉంటే బయటే ఉంటుంది, లేకపోతే లోపల. ఈ గాజు గొట్టాన్ని పారేసే ముందు వెలుతురుకు పెట్టి చూడండి. గాజు శుభ్రంగా ఉండి మధ్యలో తీగ మాత్రం తెగి ఉంటే, వయసు మీదపడో, ఓల్టేజీ ఎగదన్నడం వల్లో నెమ్మదిగా పోయిందని అర్థం. అదే విలువ ఫ్యూజు వేస్తే సెట్టు లేచి కూర్చునే అవకాశం బాగానే ఉంది. గాజు నల్లగా మాడి, లోపల అద్దంలా పూత పట్టి ఉంటే ఒక్క దెబ్బకు పోయింది. లోపల షార్ట్‌ ఉంది. అక్కడ ఇంకో ఫ్యూజు వేసి ప్రయోజనం లేదు.

ఇక్కడ కాస్త కఠినంగానే చెప్పాలి. ఫ్యూజు స్థానంలో సిగరెట్‌ పెట్టె వెండికాగితం చుట్టడం, రాగిపోగు కట్టడం మన ఊళ్లలో ఘనకార్యంగా చెప్పుకుంటారు. ‘ఫ్యూజు లేకున్నా నడిపించినా సామీ’ అని. ఫ్యూజు పని తాను చచ్చి సెట్టును బతికించడం. దాని చోట వెండికాగితం ఉంటే మాడేది ట్రాన్స్‌ఫార్మర్‌. ఆ వేడికి పెట్టె చెక్క అంటుకుంటే మిగతా ఇల్లు. ఫ్యూజు మూత మీదనో, సెట్టు వెనకనో దాని విలువ రాసి ఉంటుంది. 2 ఆంపియర్లు అంటే రెండే. అంకె ముందు ‘టి’ అన్న ఇంగ్లిషు అక్షరం ఉంటే నిదానంగా పోయే రకం, అదే అడిగి తెచ్చుకోండి.

కొత్త ఫ్యూజు వేశాక కూడా నేరుగా గోడకు పెట్టకండి. పాత రేడియో మెకానిక్‌ల బల్లల మీద ఒక బోర్డు ఉండేది, దాని మీద ఒక బల్బు హోల్డరు. దాన్నే సిరీస్‌ బల్బు అనేవారు. సెట్టుకు వెళ్లే రెండు తీగల్లో ఒకదాన్ని తెంపి మధ్యలో 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెడతారు, అంతే. 60 వాట్ల బల్బు ఎంత వెలిగినా పావు ఆంపియరుకు మించి పోనివ్వదు. లోపల షార్ట్‌ ఉంటే బల్బు ధగధగా వెలిగి అలాగే ఉండిపోతుంది, సెట్టుకు మాత్రం ఏమీ కాదు. లోపల బాగుంటే బల్బు ఒక్కసారి తళుక్కుమని, కండెన్సర్లు నిండాక మసకబారుతుంది. ఈ ఒక్క బోర్డుతో కాలిపోకుండా మిగిలిన సెట్లు ఎన్నో. ఇప్పుడు 60 వాట్ల బల్బు దొరకడమే కష్టమైంది, పాత ఎలక్ట్రికల్‌ అంగళ్లలో వెతికితే దొరుకుతుంది. ఏళ్ల తరబడి వాడని సెట్టును మొదటిసారి ఆన్‌ చేసేటప్పుడు కూడా ఇలాగే చేయాలి. కండెన్సర్లు వాడకపోతే లోపలి పూత పలచబడుతుంది. పూర్తి ఓల్టేజీ ఒక్కసారి మీదపడితే తట్టుకోలేవు.

మూత తీయడం దగ్గర మాత్రం ఆగండి. సోల్డరింగ్‌ ఐరన్‌ ఎప్పుడూ పట్టని చేతులు ఇక్కడితో మెకానిక్‌కు అప్పగించాలి. లోపల 230 ఓల్టులు స్విచ్చి దాకా వచ్చి ఉంటాయి. స్విచ్చి ఆపినా అక్కడి దాకా ఉంటాయి. ప్లగ్గు పీకేసినా పెద్ద కండెన్సర్లు కొంతసేపు చార్జ్‌ను పట్టుకుని ఉంటాయి. వాటిని స్క్రూడ్రైవరుతో ‘ఫట్‌’మనిపించే మెకానిక్‌ను చూస్తే నాకు భయం. నిరోధకం గుండా నిదానంగా ఖాళీ చేసేవాణ్ని నమ్మొచ్చు.

మెకానిక్‌ లోపల ఏం చూడాలో మీకు తెలిసి ఉంటే మంచిది. ముందు దుమ్ము. సముద్రం దగ్గరి ఊళ్లలో సెట్లు తుప్పుతో పోతాయి, మన దగ్గర దుమ్ముతో. జూన్‌, జూలై గాలికి ఎర్రదుమ్ము పైచిల్లుల్లోంచి దిగి వేడి పోయే దారులన్నీ మూసేస్తుంది. మెత్తటి బ్రష్షుతో దులపాలి, తడిగుడ్డ పనికిరాదు. తర్వాత పవర్‌ స్విచ్చి. నొక్కిన ప్రతిసారీ లోపల చిన్న మెరుపు పుడుతుంది. ముప్పై ఏళ్లలో ఆ మెరుపులకు దాని రాగి మొనలు మాడిపోతాయి. ఇది చాలా మామూలు రోగం, ఖర్చూ తక్కువ. మొదటి చుట్ట తెగినట్టు మీటరు చూపిస్తే తొందరపడి ట్రాన్స్‌ఫార్మర్‌ పోయిందనేస్తారు. చాలా ట్రాన్స్‌ఫార్మర్లలో కాగితం పొర కింద వేడికి తెగే చిన్న ఫ్యూజు ఒకటి దాగి ఉంటుంది. పోయింది అదొక్కటే కావచ్చు. జాగ్రత్తగా పొర విప్పి అదే ఉష్ణోగ్రతది వేస్తే సరి. దాన్ని తీసేసి తీగ అతికించడం మళ్లీ వెండికాగితం కథే.

నిజంగా చుట్టే కాలిపోతే? మాడిన వార్నిష్‌ వాసన మూత తీయగానే తెలుస్తుంది. అప్పుడూ గుజిరీ అనక్కర్లేదు. బోరు మోటార్లు ఇన్ని కాలిపోయే జిల్లాలో రివైండింగ్‌ షాపులకు కొదవలేదు. అయితే మోటారు చుట్టే చేయి వేరు, సన్నతీగతో ట్రాన్స్‌ఫార్మర్‌ చుట్టే చేయి వేరు. స్టెబిలైజర్లు చేసే వాళ్లను అడగండి. పాత చుట్టలు విప్పేటప్పుడు ఎన్ని చుట్లు, ఎంత మందం అని లెక్కపెట్టి రాసుకునేవాడైతేనే ఇవ్వండి. ‘చూస్తే తెల్సిపోతాదిలే సార్‌’ అనేవాడికి వద్దు. డయోడ్లు, కండెన్సర్లు ఇక్కడ దొరక్కపోతే బెంగళూరు ఎస్‌.పి. రోడ్డు, హైదరాబాద్‌ కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉన్నాయి. పాత కండెన్సరు కంటే ఓల్టులు ఎక్కువ రాసి ఉన్నది ఫర్వాలేదు, తక్కువది వద్దు. సెట్టు లేచాక అద్దంలో 101.7 దగ్గర అనంతపురం ఆకాశవాణి పలికితే రేడియో భాగమూ బాగున్నట్టే. జపాన్‌లో అమ్మిన సెట్టయితే దాని ఎఫ్‌ఎం 90 దగ్గరే ఆగిపోతుంది, స్టేషన్‌ రాలేదని మళ్లీ రిపేరుకు పరిగెత్తకండి.

ఇదంతా సెట్టు గురించి. ఉత్తరంలోని అసలు కోరిక నాన్న గొంతు. దానికి ఈ సెట్టు బాగయ్యేదాకా ఆగక్కర్లేదమ్మా. అవి మామూలు క్యాసెట్లు, ఏ చిన్న టేప్‌రికార్డరు మీదైనా పలుకుతాయి. అసలు ఆ పాత డెక్‌లో మొదటే పెట్టకండి. దానిలోని రబ్బరు బెల్టులు ఈ పాటికి తారులా కరిగి ఉండొచ్చు, టేపును నమిలేస్తుంది. ముందుగా ప్రతి క్యాసెట్‌ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్‌ ముక్కలు విరగ్గొట్టండి. అప్పుడు ఎవరు పొరపాటున రికార్డు మీట నొక్కినా దాని మీద ఇంకేదీ ఎక్కదు. తర్వాత బాగా పనిచేసే ఒక రికార్డరు అడిగి తెచ్చుకుని, క్యాసెట్‌ను పలికించకుండా ఈ చివర నుంచి ఆ చివరికి ఒకసారి, వెనక్కి ఒకసారి చుట్టండి. ఏళ్ల ఎండకు అతుక్కున్న పొరలు విడిపోతాయి. టేపు కిందుండే చిన్న స్పాంజి మెత్త ఊడిపోయి ఉంటే గొంతు సన్నగా, దూరం నుంచి వచ్చినట్టు ఉంటుంది. స్క్రూలున్న క్యాసెట్‌ అయితే పాటల క్యాసెట్‌ ఒకటి విప్పి, ఆ మెత్తను ఇందులో పెట్టొచ్చు.

కాపీ చేసుకోవడానికి స్టూడియో అక్కర్లేదు. ఫ్యాను ఆపి, తలుపు వేసి, రికార్డరు ముందు సెల్‌ఫోను పెట్టి రికార్డు చేసినా మాట స్పష్టంగానే వస్తుంది. హెడ్‌ఫోను రంధ్రం నుంచి వైరుతో కంప్యూటరుకు ఎక్కించేవాళ్లు దొరికితే ఇంకా మేలు. ఒక కాపీ మీ దగ్గర, ఇంకొకటి తమ్ముడి దగ్గరో చెల్లెలి దగ్గరో ఉంచండి.

ఆ పని అయ్యాక సెట్టు దగ్గరికి రండి. ప్లగ్గు పిన్నుల మధ్య మీటరు ఎన్ని ఓంలు చూపించిందో, ఫ్యూజు గాజు తెల్లగా ఉందో నల్లగా ఉందో, వెనక బిళ్ల ఏ అంకె మీద ఉందో ఈ మూడూ కార్డు ముక్క మీద రాసి పంపండి. తర్వాత ఏం విప్పాలో అప్పుడు చెబుతాను.